గీతకు అవతలి మంచం

"ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారా?" అని ఆసుపత్రి కాగితంలో ఒక ప్రశ్న ఉంది. పక్కన రెండు గళ్ళు: ఉన్నారు, లేరు. మా ఆయన మొదటి గడిలో టిక్కు పెట్టాడు. ఆ మనిషి పేరు రాయమంటే నా పేరు రాశాడు. ఆ సమయానికి నేను అదే ఆసుపత్రిలో, ఆయన కూర్చున్న కుర్చీకి మూడంతస్తుల కింద, నేలమాళిగలో, ఆపరేషన్ గౌనొకటి వెలుగుబల్ల మీద పరిచి చిల్లులు వెతుకుతున్నాను. లిఫ్టెక్కితే అర నిమిషం దూరం.

నలభై రోజుల కిందటి మాట ఇది. ఈ పొద్దున తాడు మీది దుప్పటి తీసి, మడత పెట్టబోతూ కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ కాగితం మళ్ళీ గుర్తొచ్చింది. దుప్పటి పెద్దది. ఒక్క మనిషి వల్ల సరిగ్గా మడత పడదు. "ఆ కొస కాస్త పట్టుకోండి" అన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. చిటికెన వేలి గోరు గ్లాసుకు తగలకుండా ఎడంగా నిలబడి ఉంది. ఆ గోరు ఆయన ప్రత్యేకంగా పెంచుకున్నది. బస్సు డిపోలో డ్రైవర్ల డ్యూటీ పట్టీలు వేసే ఉద్యోగం ఆయనది. పట్టీ మీద వరసలు తప్పకుండా చూసుకోడానికి ఆ గోరు స్కేలు కంటే నయమంటాడు.

"చేతులు ఖాళీ లేవు" అన్నాడు, గ్లాసు కొంచెం పైకెత్తి చూపిస్తూ.

అబద్ధం కాదు. నిజంగానే ఖాళీ లేవు. ఒక కొస గడ్డం కింద ఇరికించుకుని నేనే మడత పెట్టుకున్నాను.

బట్టను వెలుగుకు పట్టి చూడడం మా నాన్న దగ్గర వచ్చిన అలవాటు. పంట ఇంటికి చేరే ముందు ఆయన గోనెసంచులన్నీ దులిపి ఒక్కొక్కటే ఎండకు ఎత్తి చూసేవాడు. చిల్లు ఉన్నచోట వెలుగు ముల్లులా కంట్లో గుచ్చుకుంటుంది. "గింజ కారేది ఇక్కడే" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆసుపత్రిలో నాకు ఉద్యోగం ఆ చూపు వల్లే వచ్చింది. బట్టల గదికి మనుషుల్ని తీసుకుంటున్నప్పుడు ఆ గది చూసుకునే పెద్దావిడ నా చేతికొక ఆకుపచ్చ గౌను ఇచ్చి "దీన్లో తప్పేముందో చెప్పు" అంది. నాకంటే ముందు వచ్చినవాళ్ళు కుట్లు చూశారట, మరకలు చూశారట. నేను దాన్ని ట్యూబులైటుకు ఎత్తి పట్టాను. చంక కింద ఒకటి, మోచేతి దగ్గర రెండు. "రేపటి నుంచి రా" అంది.

అంతకు ముందు మా ఆసుపత్రిలో ఒకసారి వేసుకుని పారేసే నీలం గౌన్లు ఉండేవి. చూడడానికి కాగితంలా ఉంటాయి గాని అది ప్లాస్టిక్. ఒక్కో ఆపరేషన్‌కు ఒక పెద్ద సంచెడు చెత్త. ఆ సంచులన్నీ వెనకవైపు పొగగొట్టం కింది కొలిమిలో కాలేవి. మా వీధి ఆ గొట్టానికి గాలి వాలులో ఉంది. ఆరేసిన బట్టల మీద నల్లటి నలుసులు పడేవి, తుడవబోతే ఇంకా పూసుకుపోయేవి. అత్తయ్య పొద్దున్నే కిటికీలు మూసి, దగ్గుతూ, "ఆసుపత్రి వాళ్ళు రోగం నయం చేస్తారో, ఇంటింటికీ పంచిపెడతారో" అనేది. ఆ పొగ తగ్గించడానికి తర్వాత ఒక అమ్మాయిని పెట్టారు. కరెంటు, మత్తు గ్యాసు, అంబులెన్సులు తాగే నూనె, పారేసే చెత్త, ప్రతిదానికీ ఎంత పొగ అవుతుందో లెక్క కట్టి తగ్గించడం ఆమె పని. ఆమె హోదాకు పొడుగాటి పేరేదో ఉంది. మేమంతా పొగలెక్కల అమ్మాయి అనేవాళ్ళం. ఆమెకూ తెలుసు, నవ్వి ఊరుకునేది. నీలం గౌన్లు మాన్పించి గుడ్డ గౌన్లు తెప్పించింది ఆమే. నలుసులు పడడం తగ్గింది. అత్తయ్య కిటికీలు తీసింది. ఆ పని మంచిదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, తాడు మీది బట్టలే చెప్పాయి. అందుకే ఇప్పుడు కోపమొస్తే ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

గౌను అంచున, లోపలివైపు, డెబ్భై ఐదు గళ్ళు అచ్చు వేసి ఉంటాయి. ఉతికి వచ్చిన ప్రతిసారీ చెరగని సిరాతో ఒక గడిలో ఇంటూ కొట్టాలి. తర్వాత వెలుగుబల్ల మీద పరచాలి. అద్దం బల్ల అది, కింద నాలుగు ట్యూబులైట్లు. చిన్న చిల్లయితే వేడితో అతుకు వేస్తాం. పెద్దదయితే పక్కన పడేస్తాం. గళ్ళన్నీ నిండితే మాత్రం, గుడ్డ ఎంత కొత్తగా కనపడినా ఇక ఆపరేషన్ గదికి పంపకూడదు. చిల్లులోంచి రక్తం లోపలికి దిగితే డాక్టరుకు తెలిసేది గౌను విప్పాకే. పని చేతికి అలవాటైన కొత్తలో నాకా గళ్ళంటే ఎందుకో ఇష్టం కలిగింది. ఒక బట్ట గురించి ఎవరో కూర్చుని, ఇది ఇంతవరకే ఓర్చుకుంటుంది, ఆ తర్వాత వదిలేయాలి అని ఆలోచించారు. నా అరవై ఏళ్ళ అమ్మ గురించి ఎవరూ అంత ఆలోచించగా నేను చూడలేదు.

ఇంట్లో దాన్ని ఉద్యోగమని అన్నవాళ్ళు లేరు. ఎవరైనా అడిగితే మా ఆయన "ఏదో, బట్టలు మడత పెడుతుంది" అనేవాడు, నవ్వుతూ. ఆడపడుచు ఫోన్ చేస్తే "వదినా, మా ఇంట్లో కూడా గుట్టలు పడున్నాయి, ఎప్పుడొస్తావ్?" అని పరాచికాలాడేది. అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరిగిన రోజు నుంచి మాట మారింది. "మా ఆవిడ ఆసుపత్రి మనిషే కదా, ఆమెకు ఇవన్నీ తెలుసు" అని మా ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. నాకు తెలిసింది చిల్లులు.

ఇంటి పడక అనే మాట నేను మొదట విన్నది క్యాంటీన్లో. పొగలెక్కల అమ్మాయి సిబ్బందినందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద చెప్పింది. వార్డులో ఒక మంచం ఉందంటే దానికి పగలంతా దీపాలు, చల్లటి గాలి, వేడినీళ్ళు, వచ్చిపోయే బంధువుల కార్లు. అదే రోగిని కాస్త కోలుకోగానే ఇంటికి పంపి, మంచం మనమే ఇచ్చి, నర్సు రోజూ వీడియోలో చూస్తే పొగ ఐదో వంతుకు పడిపోతుందంది. బోర్డు మీద ఆసుపత్రి బొమ్మ గీసి, దాని చుట్టూ ఒక గీత గీసింది. నేను మామూలుగా నలుగురిలో నోరు విప్పను. ఆ రోజెందుకో చెయ్యెత్తాను.

"ఇంట్లో కూడా నీళ్ళు కాస్తారు కదమ్మా. ఉతుకుతారు. రాత్రీ పగలూ మేలుకునే మనిషి ఉండాలి. ఆ లెక్క?"

ఆమె బోర్డు మీది గీత వైపు చూసింది. పొగరుగా చెప్పలేదు, కొంచెం నొచ్చుకున్నట్టే చెప్పింది. "అది మన గీతకు అవతలండీ. ఈ గీత లోపలున్నదే మనం లెక్కపెట్టగలం."

అందరం తలలూపాం. నేనూ ఊపాను. అప్పటికి నా ఇంట్లో మంచం లేదు.

అత్తయ్యకు ఆపరేషన్ అయిన మూడో రోజు, టీ విరామంలో పైకెళ్ళాను. మా ఆయన లిఫ్టు దగ్గరే ఎదురొచ్చాడు, చేతిలో కాగితం ఊపుకుంటూ.

"సాయంత్రం పంపించేస్తారట. మంచం కూడా వాళ్ళే ఇస్తారు. నీ పేరిచ్చాను."

"నా పేరెందుకు?"

"మరి ఎవరి పేరివ్వాలి? ఇంట్లో ఉండేది నువ్వే కదా."

నేను ఆసుపత్రి కోటు వేసుకుని ఉన్నాను. జేబులో సిరా పెన్నుంది. మెళ్ళో బిళ్ళ ఉంది, దాని మీద నా ఫొటో ఉంది. ఆయన వాటన్నిటి వంకా చూస్తూనే ఆ మాట అన్నాడు. కిందికి దిగి పెద్దావిడను సెలవడిగాను. ఆరు వారాలు ఇప్పించింది, జీతం లేకుండా. "అంతకు మించి నా చేతుల్లో లేదమ్మా. బల్ల ఖాళీగా ఉంచనివ్వరు" అంది.

అదీ నేను పోగొట్టుకోబోతున్నది. ఒక అద్దం బల్ల, నాలుగు ట్యూబులైట్లు, ఒక స్టూలు. అక్కడ కూర్చున్న ఎనిమిది గంటలూ నన్నెవరూ పిలవరు. గంట కొట్టగానే లేవచ్చు.

మంచం వచ్చింది. చేత్తో తిప్పితే తల పైకి లేచే ఇనప మంచం. ముందు గదిలో సోఫా తీసి అది వేశారు. దాంతోపాటు గోడకు ఆనించే చిన్న తెర ఒకటి, నర్సు కనపడడానికి. రెండు దుప్పట్లు. వాటి అంచు తిప్పి చూశాను. గళ్ళు లేవు. ఇంటికొచ్చే దుప్పటికి గళ్ళు వేయరట, గీత దాటింది కదా. నా కోటు జేబులోని పెన్ను తీసి నేనే గీశాను, ఒక్కో దానికి డెబ్భై ఐదు. ఎందుకు గీశానో తెలియదు. ఒకటి అత్తయ్య కింద, ఒకటి తాడు మీద. రోజుకు రెండుసార్లు మార్చాలి. ఒక్కోదాని మీద ఇప్పటికి నలభై ఇంటూలు పడ్డాయి.

మొదటి రోజు నర్సు తెరలోంచి పని నేర్పింది. గోళ్ళు మొదలంటా కత్తిరించాలి, ఉంగరం తీసేయాలి, మోచేతుల దాకా సబ్బుతో కడగాలి, అప్పుడే గాయం ముట్టుకోవాలి. "మీ గోళ్ళు చూపించండి" అంది. చేతులు తెర ముందు పెట్టాను, బడిపిల్లలా. "గుడ్. చక్కగా చేస్తారు మీరు" అంది. పది నిమిషాలు పట్టింది. నర్సు ఆ పని నేర్చుకోడానికి మూడేళ్ళు చదివి ఉంటుంది. అత్తయ్య ఆమెకు అద్దంలో అమ్మాయి అని పేరు పెట్టింది. రోజూ తొమ్మిదింటికి తెర వెలిగే సరికి జుట్టు సవరించుకుని కూర్చుంటుంది. ఆమె ముందు నా మీద చాడీలు కూడా చెబుతుంది. "మా కోడలు చేతులు మంచివేనమ్మా, నోటికే తాళం. నన్ను వార్డులో ఉంచినా బాగుండేది, పక్క మంచం వాళ్ళు ఏదో ఒకటి వాగుతుండేవాళ్ళు."

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపున పుండ్లు పడతాయి. మూడు పూటలా ఒంటివేడి, రక్తపోటు చూసి తెర మీద కొట్టాలి. గాయం తుడిచి కట్టు మార్చాలి. నీళ్ళు కాచాలి, ఒళ్ళు తుడవాలి, మరుగుకు బొచ్చె పెట్టాలి, తీయాలి, కడగాలి. మధ్యలో ఇంటి పని ఎప్పటిలాగే ఉంటుంది, అది ఎవరి కోసమూ ఆగదు. ఒకరోజు రాత్రి అన్నాల దగ్గర మా ఆయన డిపో సంగతి చెప్పాడు. ఒక డ్రైవరు ఎనిమిది గంటల డ్యూటీ చేసి, మనిషి తక్కువై ఇంకో ట్రిప్పు వేస్తానన్నాడట. "ఒప్పుకోలేదు నేను. రూలు రూలే. ఎనిమిది గంటలు దాటిన మనిషి చేతికి స్టీరింగు ఇస్తే ప్రాణాలు పోతాయి" అన్నాడు. నేను ఆయన కంచంలో అన్నం వడ్డిస్తున్నాను. లోపల్నుంచి అత్తయ్య మూలిగింది. "పిలుస్తోంది, చూడు" అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఒకే నిమిషంలో వచ్చాయి. ఆయన చెడ్డవాడు కాదు. నా మీద చెయ్యెత్తింది లేదు, గొంతు పెంచింది లేదు. మూడు నాలుగుసార్లు "పాపం, నీకు కష్టంగా ఉంది" అని కూడా అన్నాడు. కష్టంగా ఉందని ఇద్దరికీ తెలుసు. తెలిశాక ఇంకేం చేయాలో ఆయన పట్టీలో లేదు.

అత్తయ్యకూ సుఖం లేదు. ఒళ్ళు తుడిచేటప్పుడు మొహం గోడకు తిప్పుకుంటుంది. మొదటి వారం నన్ను తిట్టేది. నీళ్ళు మరీ వేడి అనేది, మరీ చల్లగా ఉన్నాయనేది. ఒకసారి చేత్తో గిన్నె తోసేసింది. నేల తుడుస్తుంటే పైనుంచి గొంతు వినపడింది. "మా అత్తకు నేను తొమ్మిదేళ్ళు చేశాను. ఒక్కరోజు కూడా నన్ను ఎలా ఉన్నావని అడగలేదావిడ." గిన్నె వంక చూస్తూ, "నేనూ నిన్నడగలేదు కదూ" అంది. నేను బట్ట పిండుతూ "ఊఁ" అన్నాను. అంతే. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళు వేడి అంది.

నిన్న మధ్యాహ్నం బట్టల గది పెద్దావిడ ఫోన్ చేసింది.

"ఏమ్మా, మీ అత్తగారికి ఎలా ఉంది?"

"గాయం ఇంకా ఓ మూల తడిగానే ఉందండీ."

"సర్లే గాని, ఇక్కడో ఆర్డరొచ్చింది. డెబ్భై ఐదు గళ్ళు నిండినవాటిని పక్కన పెట్టొద్దట. ఇంకో ఇరవై ఐదు గళ్ళు చేత్తో గీసి వాడమన్నారు. గుడ్డ గట్టిగానే ఉందట."

"గట్టిగా ఉందని ఎవరు చూశారు?"

"ఎవరు చూస్తారమ్మా? కాగితం చూసింది."

"నా బల్ల దగ్గరెవరున్నారు?"

"క్యాంటీన్ ఆవిడ. పాపం మంచిదే, గళ్ళు ముగ్గులా గీస్తుంది. వెలుగు మాత్రం వేయదు. కళ్ళు మండుతాయంటుంది." గొంతు తగ్గించింది. "సోమవారం వచ్చెయ్ తల్లీ. రాలేదనుకో, ఆవిణ్ణే ఖాయం చేసేస్తారు. చెప్పలేదనకు."

ఆ ఆర్డరు పొగలెక్కల అమ్మాయి పెట్టించి ఉంటుందా, లేక ఇంకెవరో ఆమె లెక్క చూసి ముచ్చటపడి ఇంకొంచెం లాగారా, నాకు తెలియదు. కొత్త గౌను కొనకపోతే ఆ పొగ కూడా తగ్గుతుంది, నిజమే. గౌను నోరెత్తి చెప్పదు, నావల్ల కాదని. ఇంకో వరస గీస్తే ఇంకో వరస ఓర్చుకుంటుంది, వెలుగుకు పట్టి చూసేదాకా.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. సోమవారంతో సెలవైపోతుంది, వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది అని. చొక్కా విప్పుతూ విన్నాడు.

"ఇంకో ఆరు వారాలు అడుగు. వాళ్ళకేం పోతుంది?"

"ఇవ్వరు. పెద్దావిడ చెప్పింది."

"అయితే మానెయ్. మళ్ళీ చూసుకోవచ్చు. బట్టల పనే కదా, ఎక్కడైనా దొరుకుతుంది."

"మీరు కొన్నాళ్ళు పగలు..."

"నేనా? నేనొక్కరోజు లేకపోతే డిపోలో బండి కదలదు. అయినా నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, తెలుసు కదా." చొక్కా నా చేతికిచ్చాడు. తర్వాత మెల్లగా, సర్దిచెబుతున్నట్టు అన్నాడు. "అమ్మ కంటే ఆ గౌన్లు ఎక్కువా నీకు?"

గదిలో మాట వినపడే దూరంలోనే అత్తయ్య మంచం ఉంది. అవునంటే నేనేమవుతాను? కాదంటే ఏమవుతాను? చొక్కా తీసుకెళ్ళి నానబెట్టాను.

ఈ రోజు శుక్రవారం. మా ఆయన టీ తాగి ఎనిమిదిన్నరకు వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి తెర వెలిగింది. అద్దంలో అమ్మాయి ఒంటివేడి అడిగింది, గాయం దగ్గరగా చూపించమంది. ఇంకా ఆరు వారాలు పడుతుందంది. కాగితాలు తిప్పుతున్న చప్పుడయింది.

"ఇవి ఆరు వారాలకొకసారి అడగాల్సిన ప్రశ్నలండీ. పోయినసారి మీవారు నింపారు. ఈసారి మిమ్మల్నడిగి నేనే నింపేస్తాను, సరేనా? మెట్లున్నాయా ఇంటికి?"

"లేవు."

"మరుగుదొడ్డి దగ్గరేనా?"

"దగ్గరే."

"ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారా?"

ఉన్నారు అనడానికే నోరు తెరిచాను. అది నాలుక మీద తయారుగా ఉంది. బయటికి వేరే మాట వచ్చింది.

"లేరు."

"ఆఁ? వినపడలేదు."

"లేరండీ. సోమవారం నుంచి లేరు."

ఆమె రాయడం ఆపేసింది. "లేరంటే మంచం వెనక్కి తెప్పించుకోవాలండీ. పేషెంటును వార్డుకు తీసుకురావాలి. కాని వార్డులో... ఉన్న పన్నెండు పడకలూ పోయిన నెల తీసేశారు. ఇంటి పడకలు వచ్చాయి కదా అని. ఇప్పుడక్కడ కుర్చీలున్నాయి."

"మరెలా?"

"మరెలా అంటే... నేను లేరు అని కొడితే అది పైకెళ్తుంది. పైవాళ్ళు నాకే ఫోన్ చేసి ఎందుకు లేరంటారు. నేను మళ్ళీ మీకే చేస్తాను." ఆమె గొంతులో కూడా అలసట ఉంది. "ఉన్నారనే పెట్టేయనా? ఈసారికి?"

అత్తయ్య వైపు చూశాను. వింటూనే ఉంది. దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలుపుతోంది, సరిగ్గా నేను గీసిన గళ్ళ మీద. "నన్నెక్కడ పెడతారటే?" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నిజంగానే అడిగింది.

పెట్టడానికి చోటు లేదు. గీత లోపల తీసేశారు, గీత బయట నేనున్నాను. నేను లేకపోతే ఏమవుతుందో ఏ కాగితమూ ఆలోచించలేదు, నేను ఉంటానని అందరికీ అంత నమ్మకం. గదిలో మంచం ఉంది, మంచం మీద మనిషి ఉంది, ఆమె చేతుల్లో చర్మం కింద నరాలు నీలంగా కనపడుతున్నాయి. ఆమెను వదిలేసే దారి నా దగ్గర లేదు. ఉంటే వాడేదాన్నని కూడా అనుకోను.

"ఉన్నారనే పెట్టండి" అన్నాను.

"హమ్మయ్య" అంది నర్సు. మళ్ళీ కలం చప్పుడు. "పేరు... పాతదే కదా?"

"కాదండీ. మా ఆయన పేరు రాయండి."

పేరు చెప్పాను. అడగకముందే ఫోను నెంబరు కూడా చెప్పాను, ఒక్కో అంకె విడివిడిగా.

"ఆయనా?" అంది. "ఆయన ఉద్యోగానికి వెళ్తారేమో కదండీ?"

"నేనూ వెళ్తానండీ."

"మీరా? ఎక్కడ?"

"మీ ఆసుపత్రిలోనే. నేలమాళిగలో బట్టల గది. ఆపరేషన్ గౌన్ల మీద ఇంటూలు కొట్టేది నేనే."

తెరలో ఆమె మొహం కదల్లేదు. తెర చెడిపోయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా అంది. "నలభై రోజుల్నుంచి మాట్లాడుకుంటున్నాం. నాకు తెలియదండీ."

"కాగితంలో ఆ ప్రశ్న లేదు లెండి."

ఆమె తల వంచి రాసింది. "మనిషి మారితే మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి. సోమవారం తొమ్మిదింటికి ఆయన తెర ముందుండాలి. మెసేజ్ ఇప్పుడే వెళ్తుంది ఆయనకి." ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "పంపేస్తున్నాను" అంది. తెర ఆరిపోయింది.

నేను పొద్దున మడత పెట్టిన దుప్పటి విప్పి, మార్చడానికి సిద్ధం చేశాను.

"వాడికేమొచ్చే?" అంది అత్తయ్య. "ఇంట్లో చెంచాలెక్కడుంటాయో తెలియదు వాడికి."

"నాకూ రాలేదు అత్తయ్యా, మొదటి రోజు."

"కన్న కొడుకు చేత..." మాట పూర్తి కాలేదు. మొహం గోడకు తిప్పుకుంది.

"ఒళ్ళు నేను తుడిచి వెళ్తాను. కట్టు, మందులు, పక్కకు తిప్పడం ఆయన చూస్తారు."

"ఒప్పుకోడు వాడు."

"ఊఁ" అన్నాను.

ఒప్పుకోడనే నేనూ అనుకుంటున్నాను. సాయంత్రం వచ్చి గొడవ పడొచ్చు. ఆడపడుచు చేత ఫోన్ చేయించొచ్చు. ఆసుపత్రికి వెళ్ళి పేరు మళ్ళీ మార్పించొచ్చు. సోమవారం పొద్దున నేను కోటు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, లోపల్నుంచి మూలుగు వినపడి, వెనక్కి తిరగొచ్చు కూడా. అదే ఎక్కువ భయంగా ఉంది.

దుప్పటి కిటికీకి ఎదురుగా ఎత్తాను. ఈసారి సరిగ్గా చూశాను. మధ్యలో, అత్తయ్య తుంటి ఆనేచోట, మూడు చిల్లులు. నలభై ఉతుకులకే. వెలుగు మూడుచోట్ల గుచ్చుకుంది.

బల్ల మీద ఫోను మోగింది. తెర మీద మా ఆయన ఫొటో. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది.

"వాడే. తియ్యవే" అంది అత్తయ్య.

ఒక కొస నా గడ్డం కింద ఉంది. రెండు కొసలు రెండు చేతుల్లో ఉన్నాయి.

"చేతులు ఖాళీ లేవు, అత్తయ్యా."

ఆమె నా వైపు చూసింది. దుప్పట్లోంచి పడుతున్న వెలుగు చుక్కలు ఆమె కట్టు మీద వణుకుతున్నాయి, వాటినీ చూసింది. మెల్లగా మోచేతి మీద లేచి, పళ్ళు బిగించి, చెయ్యి చాపి ఫోను అందుకుంది. ఏమంటుందో నాకు తెలియదు. అవతల ఉన్నది ఆమె కొడుకు.

"ఆఁ, నేనేరా... లేదు, దాని చేతులు ఖాళీ లేవు... తప్పుగా పడలేదురా, నా ముందే చెప్పింది. నీ పేరే."

ఫోనులోంచి ఆయన గొంతు సన్నగా, గబగబా వినపడుతూనే ఉంది. డిపో అన్న మాట రెండుసార్లు, రక్తమన్న మాట ఒకసారి. అత్తయ్య కళ్ళు మూసుకుని అంతా విన్నది. చెంప మీదికి జారిన నీటిచుక్కను దుప్పటి కొసతో తుడుచుకుంది.

"అదంతా తర్వాత" అంది. "ముందు ఆ గోరు కత్తిరించుకో."